లేజర్ కొట్టించుకునే ముందు మస్టర్ల లెక్క చూసుకోండి

దసరా ముందు లాభాల వాటా, దీపావళికి బోనస్ ఖాతాలో పడగానే మా సింగరేణి యైటింక్లయిన్ కాలనీ కుర్రాళ్లలో ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు: “అన్నా, మొఖానికి లేజర్ కొట్టిచ్చుకుంట. మంచిదేనా?” నేను డాక్టర్ను కాను. ఫిట్టర్‌గా బాయి దిగి, ఫోర్‌మన్‌గా బయటికొచ్చిన మనిషిని. అయినా నన్నే అడగడానికి కారణం ఉంది. మా సెక్షన్ వాళ్లు ముగ్గురు మొటిమలకు లైటో లేజరో చేయించుకున్నారు, ముగ్గురినీ దగ్గరుండి చూశాను. ఒకరికి బాగైంది. ఒకరికి డబ్బు పోయింది. ఒకరికి ముఖం కాలింది.

ఈ మూడూ చూసినవాడిగా నా మాట ఇది. మొండి మొటిమలకు లైట్, లేజర్ చికిత్సలు పనికిరానివి కావు. కానీ బొగ్గుబాయిలో పనిచేసే మనిషికి అవి చివర్లో రావాలి. ముందు చేయాల్సినవి వదిలేసి నేరుగా అక్కడికి పోతే డబ్బుతోపాటు మస్టర్లు (హాజరు రోజులు) పోతాయి, మచ్చలు మిగులుతాయి.

ముఖం గురించి ఇంత ఆలోచించాలా అని మందలించడం నాకు ఇష్టం లేదు. పెండ్లి సంబంధాలు ఫొటోతోనే మొదలవుతున్నాయి. ఇంటర్నల్ పోస్టులకు పోటీ పడుతున్నారు. ఓవర్‌మన్, సర్దార్ సర్టిఫికెట్లకు చదువుతున్నారు. నలుగురి ముందు నిలబడి మాట్లాడాల్సిన మనిషికి చెంపల నిండా చీము గడ్డలుంటే తల ఎత్తడం కష్టం. నొప్పి కూడా ఉంటుంది. వైద్యం అడగడం న్యాయమే, దాన్ని సరైన వరుసలో చేయించుకోవాలి.

పట్టీ కింద ఏముందో చూడండి

కొన్నేళ్ల కిందట సెకండ్ షిఫ్ట్ దిగిన ఒక కుర్రవాడు లాంప్ రూం దగ్గర హెల్మెట్ తీసి నా ముందు కూర్చున్నాడు. అప్పటికి రెండు క్లినిక్‌లు తిరిగి వచ్చాడు. గదవ కింద, చెవుల ముందు, నుదుటి మీద మొటిమలు. హెల్మెట్ పట్టీ మళ్లీ పెట్టుకొమ్మన్నాను. పెట్టుకున్నాడు. గడ్డలన్నీ సరిగ్గా పట్టీ దారినే ఉన్నాయి, గీత గీసినట్టు. నుదుటి మీదివి హెల్మెట్ లోపలి బ్యాండ్ ఆనే చోట ఉన్నాయి. ఆ బ్యాండ్ విప్పి చేతిలోకి తీసుకుంటే చెమట, నూనె, బొగ్గు కలిసి పిండి కట్టినట్టు గట్టిపడి ఉంది. కొన్నప్పటి నుంచి ఒక్కసారీ ఉతకలేదన్నాడు.

ఇలా రాపిడి, ఒత్తిడి, వేడి కలిసి తెచ్చే మొటిమలకు వైద్యంలో వేరే పేరే ఉంది, ఆక్నే మెకానికా. హెల్మెట్లు, పట్టీలు, మాస్కులు వాడేవాళ్లలో ఇది బాగా కనిపిస్తుంది. రెండోది నూనె మొటిమ. గ్రీజు, హైడ్రాలిక్ ఆయిల్ వెంట్రుక కుదుళ్లలోకి దిగి రంధ్రాలు మూసేస్తాయి. ఫిట్టర్లకు, మెషీన్ ఆపరేటర్లకు ముంజేతుల మీద, తొడల మీద కూడా వస్తుంది, ఎందుకంటే నూనె తాగిన డ్రెస్ అక్కడ రాసుకుంటుంది. మూడోది, చాలామంది మొటిమే అనుకునేది, అసలు మొటిమ కాదు. నుదురు, ఛాతీ, వీపు మీద ఒకే సైజులో చిన్న చిన్న పొక్కులు, పైగా దురద. ఇది చర్మం మీదుండే ఈస్ట్ వల్ల వచ్చే కుదుళ్ల వాపు. ఉక్కలో, చెమటలో పెరుగుతుంది. యాంటీబయాటిక్ మాత్రలు మింగితే తగ్గదు సరికదా ఎక్కువవుతుంది. దీనికి ఫంగస్ మందు కావాలి, లేజర్‌తో పని లేదు.

కాబట్టి మొదటి నెల డబ్బు ఖర్చు లేని పనులు చేయండి. హెల్మెట్ లోపలి బ్యాండు, పట్టీ వారానికి రెండుసార్లు సబ్బుతో ఉతికి ఆరబెట్టండి. పట్టీకి మెత్తటి నూలు గుడ్డ చుట్టి రోజూ మార్చండి. పట్టీ వదులు చేయడం, విప్పేయడం మాత్రం వద్దు. మొటిమ పోతుందని తల పగలగొట్టుకోలేం. డస్ట్ మాస్క్ లోపలి వైపు తుడవండి. నూనె డ్రెస్ మళ్లీ మళ్లీ తొడగొద్దు. షిఫ్ట్ దిగాక గ్రీజు వదలడానికి డీజిలో కిరోసినో ముఖానికి రాసే అలవాటు ఇంకా కొందరికి ఉంది, అది మానేయండి. బట్టల సబ్బుతో, పీచుతో రుద్ది రుద్ది తోమినా చర్మం రేగి మొటిమ పెరుగుతుంది. మామూలు ఫేస్‌వాష్‌తో రెండుసార్లు కడిగితే చాలు. కంటి అంచుల్లో కాటుకలా బొగ్గు కొంచెం మిగిలినా నష్టం లేదు, రేపటికి పోతుంది.

ఆ కుర్రవాడికి గదవ కిందివి ఆరు వారాల్లో సగానికి పైగా తగ్గాయి. మిగతావి తగ్గలేదు, వాటికి వైద్యం కావాల్సి వచ్చింది.

ట్యూబు మందు సంగతి

వైద్యం అంటే మనవాళ్లు చాలామంది ముందు మెడికల్ షాపుకే పోతారు. “ముఖానికి మంచి ట్యూబు ఇయ్యి” అంటారు. బీటామెథాసోన్ లేదా క్లోబెటసాల్ కలిసిన క్రీము చేతికొస్తుంది. రాసిన వారంలో ఎరుపు తగ్గి ముఖం తేటపడుతుంది. రెండో ట్యూబు, మూడో ట్యూబు. ఆపగానే మొటిమలు మునుపటి కంటే గుంపుగా లేస్తాయి, చర్మం పలచబడుతుంది, ఎండలో మంట, బుగ్గల మీద సన్నటి ఎర్ర నరాలు. స్టెరాయిడ్ వల్ల పాడైన ముఖం అంటారు దీన్ని. మన దేశంలో ఇది ఎంత ముదిరిందంటే, 2018లో కేంద్ర ప్రభుత్వం చర్మానికి రాసే స్టెరాయిడ్ క్రీములను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలో చేర్చాల్సి వచ్చింది. అయినా అడిగితే దొరుకుతూనే ఉన్నాయి.

లేజర్ దగ్గర ఇది ఎందుకు చెబుతున్నానంటే, స్టెరాయిడ్‌తో పలచబడ్డ చర్మం మీద లేజర్ కొడితే కాలే ప్రమాదం ఎక్కువ. ఏ ట్యూబు ఎన్నాళ్లు రాశారో డాక్టరుకు దాచకండి. వాడిన ట్యూబులు జేబులో వేసుకుని తీసుకెళ్లండి. పేరు గుర్తులేదు అనేకంటే చూపించడం సులువు.

సరైన మందుల వరుస పెద్ద రహస్యం కాదు. బెంజాయిల్ పెరాక్సైడ్, అడపలీన్ లాంటి పూత మందులు. చీము, వాపు ఎక్కువుంటే కొన్ని వారాలు డాక్సీసైక్లిన్ లాంటి మాత్ర. గడ్డలు, గుంటలు పడేంత తీవ్రత ఉంటే ఐసోట్రెటినాయిన్. ఏదైనా పనిచేస్తుందో లేదో తేలడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. మొదటి మూడు వారాల్లో పొడిబారడం, మంట సహజం. మనవాళ్లు సరిగ్గా అక్కడే ఆపేస్తారు. ఆపేసి “మందులు పడలే, లేజరే గతి” అంటారు. మూడు నెలలు వరుసగా వాడనివాళ్లవి మొండి మొటిమలని నేను ఒప్పుకోను.

ఈ మందుల్లో రెండింటికి మన డ్యూటీతో నేరుగా తగాదా ఉంది, డాక్టరుకు మన పని తెలియకపోతే ఆయన చెప్పకపోవచ్చు. డాక్సీసైక్లిన్ వాడేవాళ్ల చర్మం ఎండకు త్వరగా మాడుతుంది. రామగుండంలో మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులున్నాయి. ఓపెన్‌కాస్ట్ బెంచి మీద నిలబడే మనిషి ఈ సంగతి ముందే చెప్పి తీరాలి. ఐసోట్రెటినాయిన్ వల్ల కొందరికి చీకట్లో చూపు మందగిస్తుంది. నైట్ షిఫ్ట్‌లో డంపర్ నడిపేవాళ్లు, బాయిలో క్యాప్ లాంప్ వెలుగులో మెషీన్ నడిపేవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. మందు మొదలుపెట్టాక రాత్రి చూపు తేడాగా అనిపిస్తే అదే రోజు డాక్టరుకు చెప్పండి, ఆయన తేల్చేదాకా స్టీరింగ్ పట్టకండి. ఈ మాత్రకు లివర్, కొవ్వు రక్తపరీక్షలు కూడా చేయించాలి.

సింగరేణిలో ఇప్పుడు ఆడపిల్లలూ డ్యూటీ చేస్తున్నారు. వాళ్లకు రెండు మాటలు ఎక్కువ. గదవ వెంట మొటిమలు, నెలసరి తప్పడం, అవాంఛిత రోమాలు కలిసి ఉంటే ముందు పీసీఓఎస్ పరీక్ష చేయించుకోండి, మూలం హార్మోన్లలో ఉంటే ముఖం మీద ఎన్ని లైట్లు వేసినా మళ్లీ వస్తాయి. ఐసోట్రెటినాయిన్ వాడే రోజుల్లో, ఆపాక కనీసం ఒక నెల వరకు గర్భం రాకూడదు. కడుపులో బిడ్డకు తీవ్రమైన అవకరాలు వస్తాయి. పెండ్లి దగ్గర్లో ఉంటే ఈ మాట సిగ్గుపడకుండా డాక్టరుతో మాట్లాడండి.

లైట్ ఏం చేస్తుంది, లేజర్ ఏం చేస్తుంది

పట్టీ ఉతికారు, మూడు నెలలు మందు వాడారు, స్టెరాయిడ్ మానేశారు. అయినా తగ్గలేదు, లేదా ఐసోట్రెటినాయిన్ మీకు పడదని డాక్టర్ తేల్చారు. ఇప్పుడు లైట్ గురించి మాట్లాడుకోవచ్చు.

బ్లూ లైట్ సుమారు 415 నానోమీటర్ల కాంతి. మొటిమల బాక్టీరియా తనలో పోర్ఫిరిన్ అనే పదార్థం తయారు చేసుకుంటుంది. నీలి కాంతి పడితే అది రగిలి బాక్టీరియానే చంపుతుంది. రెడ్ లైట్ కొంచెం లోతుకు దిగి వాపు తగ్గిస్తుంది. చాలాచోట్ల వారానికి రెండుసార్లు, నాలుగు వారాలు, అంటే 8 సిట్టింగులు చేస్తారు. ఎర్రగా వాచిన మధ్యరకం మొటిమల మీద కొంత పనిచేస్తుంది. బ్లాక్‌హెడ్ల మీద పెద్దగా పనిచేయదు. లోతైన గడ్డల మీదా అంతే. పైగా బాక్టీరియా మళ్లీ పెరుగుతుంది కాబట్టి ఫలితం నిలబడదు, మధ్యమధ్య మళ్లీ చేయించాలి. డబ్బు పోయిందన్న మనిషి కథ ఇదే. బెల్ట్ మీద డ్యూటీ, ముక్కు నిండా, నుదుటి నిండా బ్లాక్‌హెడ్లు. ప్యాకేజీ మొత్తం ముందే కట్టి బ్లూ లైట్ చేయించుకున్నాడు. మోసం జరిగిందని కూడా అనలేను. అతనికున్న మొటిమకు ఆ లైట్ సంబంధించింది కాదు, ఆ మాట మొదటి రోజే ఎవరూ చెప్పలేదు.

ఫొటోడైనమిక్ థెరపీ ఇంకో మెట్టు. ముందు చర్మానికి ఒక మందు పూసి, అది పీల్చుకున్నాక లైట్ వేస్తారు. బలంగా పనిచేస్తుంది, నొప్పి కూడా బలంగానే ఉంటుంది. చేసిన తర్వాత దాదాపు 48 గంటలు ఎండ, గట్టి వెలుతురు ముఖం మీద పడకూడదు. ఓపెన్‌కాస్ట్ మనిషికి అది రెండు రోజుల సెలవు కింద లెక్క. బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు 2021లో దీన్ని, మిగతా చికిత్సలు పనిచేయని పెద్దవాళ్లకు ఆలోచించవచ్చు అన్నంత వరకే ఒప్పుకున్నాయి.

ఐపీఎల్ (ఇంటెన్స్ పల్స్‌డ్ లైట్) లేజర్ కాదు. రకరకాల రంగులు కలిసిన బలమైన ఫ్లాష్ లైట్. అందులో కొంత భాగం చర్మపు రంగు కణాలు పీల్చుకుంటాయి. మనది గోధుమ, చామనఛాయ, నలుపు చర్మం. పైగా ఎండలో కమిలి ఉంటుంది. రంగు ఎంత ఎక్కువుంటే వేడి అంత ఎక్కువ పట్టి చర్మం కాలుతుంది. పల్స్‌డ్ డై లేజర్ అని ఇంకొకటి ఉంది. దాని మీద 2003లో ఒక పరిశోధన బాగా పనిచేసింది అంది, 2004లో ఇంకొకటి తేడా లేదంది.

కొత్తది 1726 నానోమీటర్ల లేజర్. మొటిమకు మూలమైన నూనె గ్రంథినే వేడిచేసి బలహీనపరుస్తుంది. ఈ తరంగాన్ని చర్మపు రంగు పెద్దగా పీల్చుకోదు కాబట్టి నల్లటి చర్మానికి ఇది మెరుగైన దారి. అమెరికా ఎఫ్‌డీఏ 2022 మార్చిలో దీనికి అనుమతి ఇచ్చింది. నెల తేడాతో మూడు సిట్టింగులు. “అదే మిషన్ మా దగ్గరుంది” అని ఎవరైనా అంటే మిషన్ పేరు, తరంగదైర్ఘ్యం చీటీ మీద రాయించుకోండి. ‘లేజర్’ అనే ఒక్క మాటకు డబ్బు కట్టొద్దు.

ఎంత నమ్మొచ్చు అంటారా? 2016లో కొక్రేన్ సంస్థ మొటిమలకు లైట్ చికిత్సల మీద అప్పటిదాకా జరిగిన 71 పరీక్షలను, 4,211 మంది వివరాలను కలిపి పరిశీలించింది. గట్టిగా చెప్పగలిగే నాణ్యమైన ఆధారాలు చాలవని తేల్చింది. 2024లో అమెరికా చర్మ వైద్యుల సంఘం మార్గదర్శకాలూ లేజర్, లైట్లను గట్టిగా సిఫార్సు చేసేంత ఆధారం లేదనే అన్నాయి. అంటే ఇవి అబద్ధమని కాదు. పక్కా అని హామీ ఇచ్చేవాడిని మాత్రం నమ్మొద్దని.

బొగ్గు ముఖం వేరు

ఇప్పుడు చెప్పేది ఏ క్లినిక్ కరపత్రంలోనూ ఉండదు. బాయిలో పాత కార్మికుల నుదుటి మీద, ముక్కు మీద, చేతుల మీద నీలిరంగు గీతలు చూసే ఉంటారు. ఎప్పుడో పెచ్చు తగిలి తెగిన చోట బొగ్గు పొడి లోపల ఉండిపోయి, పైన చర్మం మూసుకుంది. పచ్చబొట్టు లాంటిదే, దానంతట అది పోదు.

మొటిమల గుంటలకు చేసే ఫ్రాక్షనల్ సీఓ2 లేజర్ ముఖం మీద వేల సంఖ్యలో కంటికి కనపడని రంధ్రాలు చేస్తుంది. అవి మూసుకోవడానికి, పొక్కు రాలడానికి దాదాపు వారం పడుతుంది. ఆ వారంలో బాయి దిగితే బొగ్గు పొడి ఎక్కడికి పోతుందో మీరే ఆలోచించండి. చెమట, పట్టీ రాపిడి, మాస్క్ ఒత్తిడి వేరే. వారం పూర్తయి డాక్టర్ చూసి సరే అనేదాకా దిగొద్దు. ఇందులో బేరం లేదు.

రెండో సంగతి. మీ ముఖం మీద ముందే బొగ్గు మచ్చ ఉంటే లేజర్‌కు ముందు డాక్టరుకు వేలు పెట్టి చూపించండి. నల్లటి బొగ్గు కాంతిని బాగా పీల్చుకుంటుంది, అక్కడ చర్మం కాలొచ్చు. బ్లాస్టింగ్‌లో పనిచేసి ముఖం మీద పేలుడు మందు రేణువులు దిగినవాళ్లయితే ఇంకా జాగ్రత్త. అలాంటి రేణువులు లేజర్ తగిలి చర్మంలోనే చిన్నగా పేలిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి.

ముఖం కాలిన కుర్రవాడిది ఓపెన్‌కాస్ట్‌లో డ్రిల్ దగ్గర డ్యూటీ. మే నెల. పెండ్లి జూన్‌లో. “గింత టైమే ఉందన్నా, ఎట్లనన్న జెయ్యాలె” అని ఆరాటం. దూరపు పట్నంలో ఒక క్లినిక్‌కు పోయాడు. డాక్టర్ కనపడలేదు, ఒక టెక్నీషియన్ ఐపీఎల్ కొట్టాడు. పరీక్షగా చెవి వెనకాల చిన్నచోట వేసి చూడలేదు. అంతకుముందు రెండు రోజులూ అతను ఎండలో డ్యూటీ చేశాడు, ఆ సంగతి ఎవరూ అడగలేదు. మూడో రోజు చూస్తే రెండు చెంపల మీద అగ్గిపెట్టె అచ్చు గుద్దినట్టు నలుచదరపు మచ్చలు వరుసగా ఉన్నాయి. అవి యంత్రం కొన ఆనిన ముద్రలు. పెండ్లి ఫొటోల్లో మేకప్ వేశారు. మచ్చలు లేత పడడానికి ఏడు నెలలు పట్టింది. మొటిమలకైతే తర్వాత మామూలు మందులే వాడాడు, తగ్గాయి.

లెక్క వేసుకుందాం

2025 వరకు అమల్లో ఉన్న గనుల చట్టం 1952, సెక్షన్ 52 ప్రకారం ఏడాది జీతపు సెలవు రావాలంటే భూగర్భంలో 190 రోజులు, మిగతా చోట్ల 240 రోజులు హాజరు ఉండాల్సి వచ్చేది. మస్టర్ అంటే మనకు ఒక రోజు కూలి మాత్రమే కాదు. సెలవు, రికార్డు, ముందుముందు ప్రమోషన్ దాని మీదే నడుస్తాయి.

గుంటలకు ఫ్రాక్షనల్ లేజర్ నాలుగు సిట్టింగులు చెప్పారనుకోండి. ఒక్కోదానికి 7 రోజులు పని మానాలి. మొత్తం 28 మస్టర్లు. సిట్టింగ్‌కు 6 వేలు అనుకుంటే 24 వేలు పైకి కనిపించే ఖర్చు. మీ రోజు కూలి 2 వేలు అనుకుంటే 28 రోజులకు 56 వేలు, సెలవులు లేకపోతే అదీ పోయినట్టే. అసలు ఖర్చు 80 వేలు. క్లినిక్ చీటీ మీద 24 వేలే ఉంటుంది. మీ సొంత అంకెలు వేసి ఈ లెక్క కాగితం మీద చేయండి, ఇంట్లో చూపించండి.

బ్లూ లైట్‌కు పని మానక్కర్లేదు, కానీ 8 సార్లు పోవాలి. కరీంనగర్‌లో చేయించుకుంటే పోను రాను 120 కిలోమీటర్లకు పైనే. ఫస్ట్ షిఫ్ట్ వారంలో 3 గంటలకు దిగి సాయంత్రానికి వెళ్లిరావచ్చు. సెకండ్ షిఫ్ట్ వారంలో పొద్దున కుదురుతుంది. నైట్ షిఫ్ట్ వారంలో మాత్రం పోవద్దు. నిద్ర చంపుకుని లైట్ కింద కూర్చుని, రాత్రి మళ్లీ డంపర్ ఎక్కడం మనకే కాదు, పక్కవాడికీ ప్రమాదం. షిఫ్టుల చార్ట్ ముందు పెట్టుకుని తేదీలు అడగండి.

బాగైన మనిషి ఎలా చేశాడో చెబుతాను. భూగర్భంలో ఎస్‌డీఎల్ (బొగ్గు ఎత్తే యంత్రం) ఆపరేటర్. చెంపల మీద గడ్డలు, గుంటలు. మొదట కంపెనీ ఏరియా ఆస్పత్రిలో చూపించి, అక్కడి నుంచి చర్మం డాక్టరు దగ్గరికి పోయాడు. రక్తపరీక్షలు చేయించి ఎనిమిది నెలలు ఐసోట్రెటినాయిన్ వాడాడు. కొత్త మొటిమ రావడం ఆగాక మరో ఆరు నెలలు ఆగాడు. ఆ మాత్ర ఆపాక చర్మాన్ని చెక్కే లేజర్లకు అంతకాలం ఆగమనే సాధారణంగా చెబుతారు. ఆ తర్వాత నవంబర్ నుంచి ఫిబ్రవరి లోపల మూడు సిట్టింగులు, ప్రతిసారీ ముందే అర్జీ పెట్టి సెలవు తీసుకున్నాడు. గుంటలు పూర్తిగా పోలేదు. సగం పూడాయి. అంతే వస్తుందని డాక్టర్ మొదటి రోజే చెప్పారు, అతనూ అంతకే సిద్ధపడ్డాడు.

చలికాలం అన్నది గుర్తుంచుకోండి. లాభాల వాటా, బోనస్ వచ్చేదీ, ఎండ తగ్గేదీ ఒకే కాలంలో. ఆ డబ్బు ఖర్చు పెట్టాలంటే ఇదే సరైన అదను. మార్చి దాటితే వచ్చే ఏటికి వాయిదా వేయండి. పెండ్లికి, ఇంటర్వ్యూకు రెండు నెలల లోపు ఏ లేజరూ మొదలుపెట్టొద్దు.

ఎవరి దగ్గరికి పోవాలి

ఎండీ డీవీఎల్ లేదా డీడీవీఎల్ చదివిన డాక్టర్. బోర్డు మీద ‘స్కిన్ స్పెషలిస్ట్’, ‘కాస్మెటాలజిస్ట్’ అని రాసుకుంటే చాలదు. రిజిస్ట్రేషన్ నంబర్ అడిగి తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌లో సరిచూడండి. అడిగితే కోపం తెచ్చుకునే చోటి నుంచి లేచి వచ్చేయండి. గోదావరిఖనిలో ఇప్పుడు మెడికల్ కాలేజీ ఉంది, దాని ఆస్పత్రిలో చర్మ విభాగం ఓపీ రోజులు కనుక్కోండి. మొదటి అభిప్రాయం అక్కడ తీసుకుంటే ప్యాకేజీ అమ్మాలన్న తొందర ఎవరికీ ఉండదు.

కంపెనీ రిఫరల్ మీద లేజర్ అవుతుందని ఎవరైనా చెబితే ఆ మాట ఏరియా ఆస్పత్రిలో అడిగి రాతలో తెచ్చుకోండి, నోటి మాట మీద ముందుకు పోవద్దు. బయటి హెల్త్ ఇన్సూరెన్స్‌లైతే అందం కోసం చేసే చికిత్సను మామూలుగా మినహాయిస్తాయి. మందులతో జరిగే మొటిమల వైద్యం వేరు, దాన్ని జబ్బుగానే చూపించండి.

డాక్టరును అడగాల్సినవి ఎక్కువ లేవు. నాది ఏ రకం మొటిమ? ఈ మిషన్ ఏది, నా రంగు చర్మం మీద ఎంతమందికి చేశారు? లేజర్ పట్టుకునేది మీరా, ఇంకెవరైనా? చిన్నచోట వేసి రెండు వారాలు చూద్దామా? కాలితే ఏం చేస్తారు? మీరు చెప్పాల్సినవి కూడా ఉన్నాయి. ఎండలో డ్యూటీనా, బాయిలోనా, వాడిన క్రీములు, మాత్రలు, పెదవి మీద జ్వరపు పొక్కులు వచ్చే అలవాటు, దెబ్బ తగిలితే మచ్చ ఉబ్బే గుణం, షుగర్. డబ్బు సిట్టింగ్ సిట్టింగ్‌కు కట్టండి. ఆరు సిట్టింగుల సొమ్ము ముందే కట్టేస్తే, రెండోదానికే పడలేదని తెలిసినా ఆపడానికి మనసు ఒప్పదు. అందులోనూ ఈఎంఐ మీద వద్దే వద్దు.

ఇంకొక్క మాట. చాలామంది లేజర్ అడిగేది మొటిమ మానిన చోట మిగిలిన గోధుమరంగు మచ్చల కోసం. గుంట లేకుండా రంగు మాత్రమే మారి ఉంటే, గిల్లకుండా, ఎండ తగలకుండా చూసుకుంటే కొన్ని నెలల్లో వాటంతట అవే లేతబడతాయి. ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకు మించిన సన్‌స్క్రీన్ డ్యూటీకి పోయే ముందు ఒకసారి, మధ్యలో టిఫిన్ టైంలో ముఖం కడుక్కుని ఇంకోసారి రాయండి. చెమటకు కారిపోతుంది కాబట్టి ఒక్కసారి చాలదు. బ్లూ లైట్ మన రంగు చర్మం మీద ఇలాంటి మచ్చలను ముదురు చేసే అవకాశం కూడా ఉంది.

మీలో ఎవరికైనా ఈ దసరా డబ్బుతో లేజర్ ఆలోచన ఉంటే ముందు మూడు నెలలు మందు వాడండి, స్టెరాయిడ్ ట్యూబు ఉంటే డాక్టరును అడిగి ఆపించుకోండి. ఈ రోజు షిఫ్ట్ దిగాక మాత్రం హెల్మెట్ లోపలి బ్యాండు విప్పి చూడండి. ఉతికి ఎండకు వేయండి.